ఆఫీసు రాయదుర్గంలో, ఇల్లు నాగోల్ దగ్గర: ఎనిమిది నెలల తర్వాత నా రివ్యూ

నమస్తే అండీ. ఇది హైదరాబాద్‌లో మేము అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్ మేడ. అటు దూరంగా కనిపిస్తున్నవి ఉప్పల్ స్టేడియం ఫ్లడ్‌లైట్లు. ఇటు ఇళ్ల మధ్య నుంచి పొడుగ్గా గీత గీసినట్టు పోతోంది చూశారా, అది మెట్రో లైను. మా గేటు నుంచి నాగోల్ స్టేషన్‌కు నడిస్తే 12 నిమిషాలు. నా ఆఫీసు రాయదుర్గంలో. అంటే లైనుకు ఈ కొసన మా ఇల్లు, ఆ కొసన నా ఉద్యోగం.

మేము ఇక్కడికి మారుతున్నామని చెప్పినప్పుడు మా అక్క అడిగిన మొదటి మాట, "అంత దూరం రోజూ ఎట్లా తిరుగుతవే?" ఈ ప్రశ్న మీకూ వచ్చి ఉంటుంది. అందుకే దసరాకు ఇల్లు మారినా, వెంటనే వీడియో చేయలేదు. ఎండాకాలం కూడా గడవాలి, నీళ్ల సంగతి తెలియాలి, ఒకటి రెండు పెద్ద వానలు పడాలి అని ఆగాను.

ఇంతకుముందు మూడేళ్లు కొండాపూర్‌లో ఉన్నాం. ఇంటి నుంచి ఆఫీసుకు 5 కిలోమీటర్లే. వినడానికి బాగుంటుంది. కానీ ఆ 5 కిలోమీటర్లకు మామూలు రోజున 40 నిమిషాలు, వాన పడితే గంటన్నర. ఒక జులై సాయంత్రం నేను ఆరింటికి క్యాబ్ ఎక్కి ఎనిమిదింటికి ఇంట్లో అడుగుపెట్టాను. మా వారి ఆఫీసు సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర, ఆయన కష్టం ఇంకా ఎక్కువ. డబుల్ బెడ్‌రూమ్‌కు అద్దె 31,000, మెయింటెనెన్స్ 3,500. ఇల్లు చూసిన రోజు ఓనర్ గారు "మంజీరా కనెక్షన్ ఉందమ్మా, నీళ్లకు లోటే ఉండదు" అన్నారు. మార్చి చివరికి బోరు ఎండిపోయింది. మంజీరా నీళ్లు, అంటే పైపులో వచ్చే మంచినీళ్లు, రోజు విడిచి రోజు వచ్చేవి, అవి సంపులో సగం కూడా నిండేవి కావు. ఇక ట్యాంకర్లే. ఆ ఖర్చు ఫ్లాట్ల వాళ్లందరం పంచుకునేవాళ్లం. రాత్రి పదకొండింటికి ట్యాంకర్ చప్పుడు వింటే గానీ పొద్దున స్నానానికి నీళ్లుంటాయన్న ధైర్యం ఉండేది కాదు.

సరే, ఇల్లు మారదాం అనుకున్నప్పుడు అందరిలాగే మేమూ ముందు మియాపూర్, కేపీహెచ్‌బీ చూశాం. హైటెక్ సిటీకి దగ్గర, పైగా మెట్రో ఉంది కదా అని. ఇక్కడే చాలామంది పొరబడతారు, కాస్త జాగ్రత్తగా వినండి. మియాపూర్ మెట్రో రెడ్ లైను మీద ఉంది, అది ఎల్బీ నగర్ వెళ్తుంది. హైటెక్ సిటీ, రాయదుర్గం బ్లూ లైను మీద ఉన్నాయి. ఈ రెండు లైన్లూ కలిసేది అమీర్‌పేటలో. కాబట్టి మియాపూర్‌లో ఎక్కినవాళ్లు పది స్టేషన్లు ఊరి లోపలికి వచ్చి, అమీర్‌పేటలో దిగి, జనంలో తోసుకుంటూ రైలు మారి, మళ్లీ తొమ్మిది స్టేషన్లు పడమటికి వెనక్కి వెళ్లాలి. రోడ్డు మీద దగ్గరున్న చోటు రైల్లో దూరమైపోతుంది. మీకు బండి ఉండి, రోడ్డు మీదే వెళ్తానంటే మియాపూర్ మంచిదే. మెట్రోను నమ్ముకుని ఇల్లు తీసుకునేటప్పుడు మాత్రం కిలోమీటర్లు చూడకండి. ఎన్ని చోట్ల మారాలి, రైలు ఎక్కడ బయల్దేరుతుంది, ఈ రెండూ చూడండి.

నాగోల్ నుంచి రాయదుర్గం వరకు బ్లూ లైను ఒకటే రైలు. మొత్తం 23 స్టేషన్లు, దాదాపు 55 నిమిషాలు. ఎక్కడా మారే పని లేదు. నాగోల్ మొదటి స్టేషన్ కాబట్టి రైలు ఖాళీగా వస్తుంది. ఉదయం ఎనిమిదింటికి ఎక్కినా ఈ ఎనిమిది నెలల్లో నాకు సీటు దొరకని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రైలుకు మూడే బోగీలు, అందుకే సికింద్రాబాద్ ఈస్ట్ వచ్చేసరికి నిండిపోతుంది. అమీర్‌పేటలో తలుపు దగ్గర కాలు పెట్టే చోటు ఉండదు. అక్కడ ఎక్కేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మా ఇంటికి ఉప్పల్ స్టేషన్ కూడా కొంచెం అటూ ఇటూగా అంతే దూరం. అయినా నేను నాగోలే వెళ్తాను. ఒక్క స్టేషన్ తేడాకు సీటు ఖాయమవుతుంది.

సాయంత్రం రాయదుర్గంలో ఎక్కితే అదీ మొదటి స్టేషనే, మళ్లీ సీటు. మీ ఆఫీసు హైటెక్ సిటీ స్టేషన్ దగ్గరో, దుర్గం చెరువు దగ్గరో ఉంటే మాత్రం తిరుగు ప్రయాణంలో నిలబడటానికి సిద్ధపడండి.

ఇంటి గుమ్మం నుంచి నా డెస్క్ దాకా మొత్తం గంటా పావు. కొండాపూర్‌లో ఉన్నప్పటి కంటే ఎక్కువే, దాచడం లేదు. కానీ ఈ గంటా పావు ఎండకూ వానకూ మారదు. నిరుడు బీ.ఈడీ. పరీక్షకు సగం చదువు ఈ రైల్లోనే చదివిన అమ్మాయి ఒకామె నాకు స్నేహితురాలైంది. నేనైతే తార్నాక దాకా కళ్లు మూసుకుంటాను.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ డబుల్ బెడ్‌రూమ్, మూడో అంతస్తు, ఈస్ట్ ఫేసింగ్, అద్దె 15,500. మెయింటెనెన్స్ 1,500. పాత ఇంటితో చూస్తే నెలకు 17,500 తేడా. మెట్రో ఛార్జీలు 2025 మేలో పెరిగాయి. పెంచిన తర్వాత మళ్లీ పది శాతం తగ్గించి, కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలు చేశారు. మాది ఈ చివర నుంచి ఆ చివరకు కాబట్టి 69 పడుతుంది. రానూపోనూ 138, నెలకు 22 రోజులకు 3,036. ఆయన టికెట్ కూడా కలిపితే ఇద్దరికీ 5 వేల చిల్లర. అది తీసేసినా నెలకు 12 వేలు మిగులుతున్నాయి. ఇందులో మాకు తగ్గిన పెట్రోలు, క్యాబ్ ఖర్చు కలపలేదు. మీరు ఇల్లు చూసే నాటికి ఛార్జీ ఎంతుందో ఒకసారి యాప్‌లో చూసుకోండి. స్టేషన్ దాకా బండి మీద వస్తే పార్కింగ్‌కు కూడా డబ్బు కట్టాలి, అది లెక్కలో వేసుకోండి. నడిచి వెళ్లే దూరంలో ఇల్లు దొరికితే వెయ్యి రూపాయలు ఎక్కువైనా తీసుకోమనే చెప్తాను.

బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు వెళ్తే అద్దె ఇంకో రెండు మూడు వేలు తగ్గుతుంది. ఇళ్లు కొత్తవి, గదులు పెద్దవి. మేమూ చూశాం, నచ్చాయి కూడా. కానీ అక్కడి నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డుకు షేర్ ఆటోలో రావాలి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్, అంటే పొడవాటి ఫ్లైఓవర్ పని 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగింది. ఆ దుమ్ములో, గుంతల్లో తిరిగినవాళ్లకే ఆ బాధ తెలుసు. ఆ వైపు ఇల్లు చూడాలంటే ఆదివారం వెళ్లకండి. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆ ఇంటి ముందు ఆటో ఎక్కి, స్టేషన్‌కు ఎంతసేపు పట్టిందో చూసుకోండి.

ఇప్పుడు ఇక్కడి చెడ్డ విషయం. మూసీ పక్కనే ఉంది. నాగోల్ స్టేషన్ దిగి వంతెన దాటితే నాగోల్ కాలనీలు, ఇటు ఉప్పల్. నది ఒడ్డుకు దగ్గరగా ఇల్లు తీసుకుంటే వాసన, దోమలు రెండూ భరించాలి. మేము సాయంత్రం ఐదున్నరకే కిటికీలు మూస్తాం, అన్ని కిటికీలకూ మెష్ సొంత డబ్బుతో వేయించుకున్నాం. వాసన కంటే ముఖ్యమైంది వరద. 2020 అక్టోబరులో కురిసిన వానకు రామంతాపూర్, ఉప్పల్, నాగోల్ వైపు ఎన్నో కాలనీలు మునిగాయి. కాబట్టి ఇక్కడ ఇల్లు చూసేటప్పుడు ఓనర్‌ను అడిగే ముందు వాచ్‌మన్‌ను, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లను, ఎదురు కిరాణా కొట్టు ఆయనను అడగండి. మా వాచ్‌మన్ మెట్ల దగ్గరకు తీసుకెళ్లి చూపించాడు. "గప్పుడు నీళ్లు గీ రెండో మెట్టుదాంక వచ్చినయ్ మేడం, పైకి రాలే." ఆ మాట విన్నాకే అడ్వాన్సు ఇచ్చాం. దానికి ముందు రోజు ఇదే రేటుకు ఇంకో ఇల్లు చూశాం, లోపల చాలా బాగుంది. కానీ పార్కింగ్ గోడకు నడుము ఎత్తున ఒక గీత, దాని కింద మాత్రమే కొత్త రంగు. వదిలేశాం.

నీళ్లు ఈ ఎండాకాలం మాకు సరిపోయాయి. మే నెలలో రెండుసార్లు మాత్రం ట్యాంకర్ వచ్చింది. ఇది మా బిల్డింగు సంగతి, మా వెనక సందులోనే వారానికి రెండు ట్యాంకర్లు వస్తున్నాయి. అందుకని "ఈ ఏరియాలో నీళ్లున్నాయా" అని అడగొద్దు. "మీ సంపులోకి పోయిన ఏప్రిల్‌లో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి" అని అడగండి. సూటిగా అడిగితే సూటిగానే చెప్తారు.

అగ్రిమెంటు మామూలే, 11 నెలలు. అడ్వాన్సు రెండు నెలల అద్దె. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో ముందే రాయించుకోండి. పాత ఇంట్లో మాకు అది రాయలేదు, ఒక నెల అద్దె పోయింది.

ఈ ఏరియా ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు ఉన్నవాళ్లు ఇక్కడికి రావొద్దు. రాయదుర్గంలో దిగాక ఇంకా చాలా దూరం, ట్రాఫిక్‌లో ఆటో, అలసిపోతారు. నైట్ షిఫ్ట్ వాళ్లకూ కుదరదు, మొదటి రైలు ఉదయం ఆరింటికి గానీ ఉండదు.

మాకు ఇంకో లాభం దొరికింది, ఇది లెక్కల్లో రాదు. మాది జనగామ. వరంగల్ వైపు బస్సులు ఎక్కువగా ఉప్పల్ మీదుగానే వస్తాయి. కొండాపూర్‌లో ఉన్నప్పుడు అమ్మానాన్నలు ఉప్పల్‌లో దిగి, అక్కడి నుంచి ఇంకో రెండు గంటలు పట్టేది, అందుకే పండగకు తప్ప వచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, అమ్మ శనివారం పొద్దున చెట్టు చిక్కుడుకాయలు కోసుకుని వచ్చి, వండి పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. మొన్న మా పాప అమ్మమ్మను స్టేషన్ దగ్గరి నుంచి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వాళ్ల కోసం వచ్చే ఆదివారం లింగంపల్లి, చందానగర్ వైపు ఇళ్లు చూడటానికి వెళ్తున్నాను, అక్కడ ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా ఉంది. అటు ఉంటున్నవాళ్లెవరైనా మీ వీధిలో నీళ్ల పరిస్థితి, ఉదయం స్టేషన్‌కు ఎంతసేపు పడుతుందో కింద రాయండి. ముందు ఆ వీధులకే వెళ్తాను.