ఒక్క కుర్చీకి ఇద్దరు

శ్రోతలకు నమస్కారం.

2018 జనవరి 9, మంగళవారం. పొద్దున్న తొమ్మిది కావస్తోంది. టిఫిన్ ముందు కూర్చోబోతుంటే అమెరికా నుంచి మా మేనల్లుడి ఫోన్. వాడికక్కడ ఇంకా సోమవారం రాత్రే. "మామయ్యా, మావాళ్లు 13 పాయింట్లు వెనకబడ్డారు. సగం ఆట అయిపోయింది, మాకు ఒక్క పాయింటూ లేదు. ఇప్పుడు కోచ్ క్వార్టర్‌బ్యాక్‌ని పీకేసి కొత్తవాణ్ణి దింపాడు" అన్నాడు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నంత కంగారు గొంతులో. "మావాళ్లు" ఎవర్రా అని అడిగాను. అలబామా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అన్నాడు, ఆడుతున్నది జాతీయ ఫైనలట. వాడు అలబామా రాష్ట్రంలోని టస్కలూసా అనే ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వెళ్లి ఏడాదిన్నర కాలేదు, అప్పుడే మావాళ్లు అయిపోయారు.

ఆ ఊరి సంగతి తర్వాత వాడే చెప్పాడు. జనాభా లక్ష. యూనివర్సిటీ స్టేడియంలో సీట్లు కూడా లక్ష. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారం మ్యాచ్ ఉంటే కూరగాయలకి కూడా శుక్రవారమే వెళ్లి రావాలట, లేకపోతే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతారు. ఆడేది అప్పట్లో జీతం తీసుకునే ఆటగాళ్లు కారు, కాలేజీ విద్యార్థులు. పద్దెనిమిదీ ఇరవై ఏళ్ల పిల్లలు. వాళ్ల కోసం తాతలూ ముత్తాతలూ కూడా ఎర్ర చొక్కాలు తొడుక్కుని వస్తారు.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళతాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుకే ఫుట్ ఉంది, ఎక్కువ పని చేతులదీ భుజాలదీ. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో బంతిని 10 గజాలు ముందుకు జరపాలి. జరిపితే మళ్లీ నాలుగు అవకాశాలు. అలా జరుపుకుంటూ అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు, ఆపైన బంతిని స్తంభాల మధ్యకు తన్నితే ఇంకొకటి. గీత దాకా వెళ్లలేక దూరం నుంచే అలా తన్నితే 3. ప్రతి ప్రయత్నంలోనూ బంతి ముందుగా ఒకడి చేతికి వస్తుంది. దాన్ని విసరాలా, పక్కవాడికి అందించాలా, తనే పట్టుకుని పరిగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆలోగా నూట ముప్పై కిలోల మనుషులు వాడి మీదికి దూకుతుంటారు. వాడే క్వార్టర్‌బ్యాక్.

ఆ స్థానం ఒక్కటే. చిక్కంతా అక్కడే. క్రికెట్‌లో ఓపెనర్ ఆడకపోతే ఆరో నంబర్‌లో దింపి చూస్తాం. ఇద్దరు కీపర్లుంటే ఒకడు గ్లవ్స్ వేసుకుంటాడు, రెండోవాడు ఫీల్డింగ్ చేస్తూ బ్యాటింగ్ చేస్తాడు. ఇక్కడ ఆ సర్దుబాటు కుదరదు. ఒకడు ఆడుతుంటే రెండోవాడు గీత బయట టోపీ పెట్టుకుని నిలబడాలి. క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరున్నారంటే ఒక్కడూ లేనట్టే అని వాళ్లకో సామెత కూడా ఉంది. మన ఒరా కత్తుల సామెతకు తోబుట్టువు.

అలబామాకు ఈ తలనొప్పి కొత్త కాదు. 1963లో బేర్ బ్రయంట్ అనే మహా కోచ్ ఉండేవాడు. ఆయన దగ్గర జో నేమత్ అనే కుర్రాడు, అప్పటికే పేరు మోగిపోతోంది. జట్టు నియమాలు తప్పాడని సీజన్ చివర్లో రెండు మ్యాచ్‌లకి బ్రయంట్ వాణ్ణి పక్కన పెట్టేశాడు. అందులో ఒకటి కొత్త సంవత్సరం రోజున ఆడే షుగర్ బౌల్. స్టీవ్ స్లోన్ అనే రెండో కుర్రాడు ఆడాడు, అలబామా 12-7తో గెలిచింది. మరుసటి ఏడాది నేమత్ తిరిగొచ్చి మోకాలు దెబ్బ తగిలించుకున్నాడు, మళ్లీ స్లోనే దిక్కయ్యాడు. 2015లో ఇంకో ముచ్చట. జేక్ కోకర్ అనేవాడు వేరే యూనివర్సిటీలో పోటీలో ఓడి ఇక్కడికొచ్చాడు, ఇక్కడ ఏడాదంతా బెంచ్ మీద కూర్చున్నాడు, తీరా అవకాశం వచ్చాక మూడో మ్యాచ్‌కే తీసేశారు. ఆ మ్యాచ్ మధ్యలో వాణ్ణే మళ్లీ పిలిచారు. మ్యాచ్ పోయింది గానీ కుర్చీ దక్కింది. ఆ సీజన్ జాతీయ ఛాంపియన్‌షిప్ వాడి చేతుల మీదుగానే వచ్చింది.

ఇక మా మేనల్లుడి కంగారు దగ్గరికి వద్దాం.

అప్పటి కోచ్ నిక్ సేబన్. క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్. టెక్సాస్‌లో ఛానెల్‌వ్యూ అనే ఊరివాడు, వాళ్ల నాన్న అక్కడి హైస్కూలు కోచ్. 2016లో పద్దెనిమిదేళ్లకే, కాలేజీలో అడుగుపెట్టిన ఏడాదే, సీనియర్లని దాటి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మనిషి మాటకారి కాదు. ముఖంలో సంతోషమూ తెలియదు, టెన్షనూ తెలియదు. ఆ సీజన్ ఫైనల్లో క్లెమ్సన్ యూనివర్సిటీ మీద రెండు నిమిషాలు మిగిలి ఉండగా 30 గజాలు తనే పరిగెత్తి జట్టును ఆధిక్యంలో పెట్టాడు. ఒక్క సెకను మిగిలి ఉండగా క్లెమ్సన్ గెలిచేసింది, అది వేరే కథ. రెండో ఏడాది మళ్లీ జట్టును ఫైనల్‌కి తెచ్చాడు. అలబామాలో మొదటి నుంచీ ఆడించిన 28 మ్యాచ్‌లలో హర్ట్స్ జట్టు ఓడింది రెండే రెండు. ఆ లెక్క గుర్తుపెట్టుకోండి.

కానీ పరిగెత్తినంత బాగా బంతి విసిరేవాడు కాదు. అట్లాంటాలో జరిగిన ఆ ఫైనల్లో జార్జియా జట్టు దారులన్నీ మూసేసి, నువ్వు విసిరే గెలువు చూద్దాం అన్నట్టు నిలబడింది. మొదటి సగంలో హర్ట్స్ 8 సార్లు విసిరితే 3 అందాయి, మొత్తం 21 గజాలు. స్కోరు 13-0.

విరామంలో సేబన్ వాణ్ణి ఆపి, టువా టంగొవైలోవాని పంపాడు. హవాయి కుర్రాడు, సమోవా కుటుంబం. అన్నం తినేదీ రాసేదీ కుడిచేత్తోనే, బంతి మాత్రం ఎడమచేత్తో విసురుతాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న అలా అలవాటు చేశాడు. కాలేజీలో మొదటి ఏడాది. అప్పటిదాకా ఆడిందల్లా గెలుపు ఖాయమైపోయాక చివర్లో మిగిలిన నిమిషాలే. అలాంటివాణ్ణి జాతీయ ఫైనల్లోకి తోశారు.

వాడూ ఒక తప్పు విసురు విసిరాడు, అవతలివాళ్లు పట్టేశారు. కానీ జంకలేదు. నాలుగో భాగంలో స్కోరు 20-20కి తెచ్చాడు. చివరి క్షణంలో తన్ని గెలవాల్సిన బంతి పక్కకు పోయింది, ఆట అదనపు సమయానికి వెళ్లింది. జార్జియా 3 పాయింట్లు కొట్టింది. అలబామా వంతు. గీతకు 25 గజాల దూరం. మొదటి ప్రయత్నంలో టువా బంతి వదలకుండా వెనక్కి వెనక్కి వెళ్లి 16 గజాలు పోగొట్టాడు. మా మేనల్లుడు ఫోన్లో "అయిపోయింది మామయ్యా" అన్నాడు. ఆ తర్వాత ఒకటే అరుపు, ఏమైందో నాకు అర్థం కాలేదు. సాయంత్రం యూట్యూబ్‌లో చూశాను. రెండో ప్రయత్నం. టువా ముందు కుడివైపు చూస్తాడు. వెనక కాపలా ఉన్న జార్జియా ఆటగాడు ఆ చూపును నమ్మి ఆగిపోతాడు. ఆ క్షణంలో తల తిప్పి ఎడమ అంచున దూసుకుపోతున్న డెవాంటా స్మిత్‌కి విసురుతాడు. 41 గజాలు. 26-23. ఆట అయిపోయింది.

అందరూ టువాని చూశారు. నేను ఆ వీడియో మూడోసారి చూసేటప్పుడు గీత బయట ఉన్న కుర్రాణ్ణి చూశాను. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపేస్తే మనలో ఎంతమందిమి ఆ పందిట్లో నిలబడి నవ్వగలం? హర్ట్స్ గంతులేస్తున్నాడు. టువాని కావలించుకున్నాడు. కెమెరాల కోసం చేశాడనిపించలేదు.

సేబన్ నిర్ణయం తప్పని నేననను. గెలిచాడు కాబట్టి కాదు, ఓడినా అదే సరైన పని. నాకు నచ్చనిది తర్వాత జరిగింది. ఎనిమిది నెలలు, జనవరి నుంచి సెప్టెంబరు దాకా, ఎవరు మొదటివాడో ఆయన తేల్చి చెప్పలేదు. పోటీ సాగుతోంది అంటూ గడిపేశాడు. ఇద్దరికీ చెప్పకపోతే ఇద్దరూ కష్టపడతారన్నది కోచ్‌ల లెక్క. ఊళ్లో మాత్రం ఇంటింటికీ రెండు పార్టీలు. జేలెన్ వాళ్లు కొందరు, టువా వాళ్లు కొందరు. హర్ట్స్ తండ్రి ఒక ఇంటర్వ్యూలో, తన కొడుకు ఆడకపోతే ఇక్కడ ఉండడని సూచనగా చెప్పాడు. ఆగస్టులో హర్ట్స్ స్వయంగా నోరు విప్పాడు. ఇన్ని నెలల్లో కోచ్‌లతో సహా ఎవరూ వచ్చి నీకెలా ఉందని తనను అడగలేదన్నాడు. ఇరవై ఇంకా నిండని కుర్రాడు విలేకరుల ముందు ఆ మాట గొంతు పెంచకుండా అన్నాడు. సేబన్‌ మీద వచ్చిన విమర్శలన్నిట్లోకీ నాకు గట్టిగా తగిలింది ఇదే.

సెప్టెంబరు 1న లూయీవిల్ మీద మొదటి మ్యాచ్. టువా ఆడాడు, 51-14. ఆట అయ్యాక టీవీ విలేకరి ఈ ఇద్దరి సంగతే అడిగితే సేబన్ అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు. మర్నాడు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాడు. ఇన్ని టైటిళ్లు గెలిచిన మనిషికే ఆ ప్రశ్న అంత మంట పెట్టింది.

ఇక్కడో రూలు చెప్పాలి. కాలేజీలో అప్పుడు ఒక్కో ఆటగాడికి నాలుగు సీజన్లు. ఆ ఏడాదే కొత్తగా, నాలుగు మ్యాచ్‌లకి మించి ఆడకపోతే ఆ సీజన్ లెక్కలోకి రాదన్నారు. అంటే నాలుగుతో ఆపేస్తే ఏడాది మిగుల్తుంది, దాన్ని ఇంకో కాలేజీలో వాడుకోవచ్చు. క్లెమ్సన్‌లో సరిగ్గా ఇదే గొడవ నడుస్తోంది. కెల్లీ బ్రయంట్ అనేవాణ్ణి పక్కన పెట్టి ట్రెవర్ లారెన్స్ అనే కొత్త కుర్రాణ్ణి తీసుకున్నారు. బ్రయంట్ నాలుగు మ్యాచ్‌లు కాగానే సెలవన్నాడు. నేను తప్పు పట్టను, వాడి జీవితం వాడిది. అదే వారం అలబామా అయిదో మ్యాచ్. హర్ట్స్ మైదానంలోకి వచ్చాడు. వాడు దిగితే ఆ ఏడాది ఖర్చయిపోతుందని అందరికీ తెలుసు, వాడికీ తెలుసు. స్టేడియం చప్పట్లతో మోగిపోయింది.

డిసెంబరు 1. మళ్లీ అట్లాంటా, అదే స్టేడియం, ఎదురుగా అదే జార్జియా. కాన్ఫరెన్స్, అంటే ఆ ప్రాంతపు యూనివర్సిటీల కూటమి, ఫైనల్. కాకపోతే బెంచ్ మీద ఈసారి హర్ట్స్ ఉన్నాడు. జట్టు 28-21తో వెనకబడి ఉంది. పదకొండు నిమిషాలు మిగిలి ఉండగా టువా చీలమండ దెబ్బతింది. హర్ట్స్ హెల్మెట్ పెట్టుకున్నాడు. ఏడాది కిందట వాడికి చేతకాదన్న పనే ముందు చేశాడు: 10 గజాల టచ్‌డౌన్ విసిరాడు, జెరీ జూడీ పట్టాడు. 28-28. జార్జియా మూడు నిమిషాలుండగా బంతిని దూరంగా తన్నేస్తున్నట్టు నటించి మాయ చేయబోయి బోర్లా పడింది. ఆ తర్వాత వాడి అసలు విద్య. దారి కనిపించగానే బంతి పట్టుకుని 15 గజాలు పరిగెత్తి గీత దాటాడు. గడియారంలో 1:04. 35-28.

టీవీ మైకు ముందు సేబన్ గొంతు పూడుకుపోయింది. ఆయన్ని అలా చూడటం అరుదు.

ఆ డిసెంబరులోనే హర్ట్స్ డిగ్రీ పూర్తి చేశాడు, మూడేళ్లలోపే. అప్పట్లో వేరే కాలేజీకి మారినవాడు ఆడటానికి ఏడాది ఆగాలి. డిగ్రీ చేతికొచ్చినవాడు ఆగక్కర్లేదు, వెంటనే ఆడొచ్చు. ఓక్లహోమా వెళ్లాడు. అలబామా ఆ సీజన్ ఫైనల్లో క్లెమ్సన్ చేతిలో 44-16తో చిత్తయింది. కొట్టింది ఎవరనుకున్నారు? కెల్లీ బ్రయంట్ కుర్చీ తీసుకున్న ఆ లారెన్సే. ఇక అలబామాలో ఈ ఇద్దరి వెనకా నోరెత్తకుండా కూర్చున్న మూడోవాడు, మ్యాక్ జోన్స్, తన వంతు వచ్చాక 2020 సీజన్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించాడు.

2023లో సేబన్ చివరి సీజన్‌లోనూ ఇదే తంతు. టెక్సాస్ చేతిలో ఓడగానే జేలెన్ మిల్రోని ఒక మ్యాచ్ కూర్చోబెట్టారు, దింపినవాళ్లు అంతంతమాత్రంగా ఆడారు, వారం తిరక్కుండా మళ్లీ మిల్రోనే పిలిచారు. ఇప్పుడైతే ఈ గొడవలు నెలల తరబడి సాగవు. 2021 నుంచి కాలేజీ మారే రూల్స్ సడలాయి, ఆటగాళ్లు తమ పేరు వాడుకుని డబ్బు సంపాదించుకునే వీలూ వచ్చింది. కుర్చీ పోయిన కుర్రాడు సంచీ సర్దుకుని ఇంకో ఊరు చేరుతున్నాడు. అది మంచిదే. నాకు మాత్రం అట్లాంటా కథలాంటిది ఇంకోటి దొరకదేమోనని కొంచెం బెంగ.

2020లో జీతాలిచ్చే పెద్ద లీగ్ జట్లు కాలేజీ కుర్రాళ్లని వరసగా ఎంచుకున్నప్పుడు టువాని మయామి జట్టు అయిదో ఆటగాడిగా తీసుకుంది. హర్ట్స్ 53వ వాడిగా ఫిలడెల్ఫియాకి వెళ్లాడు. అక్కడా మొదట బెంచే.

2025 ఫిబ్రవరి 9, న్యూ ఆర్లియన్స్, ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్. ఈసారీ మా మేనల్లుడి ఫోన్ వచ్చింది. వాడిప్పుడు ఉద్యోగస్థుడు, వేరే రాష్ట్రంలో ఉన్నాడు, మావాళ్లు అనడం మాత్రం మానలేదు. మూడో భాగంలో హర్ట్స్ 46 గజాల టచ్‌డౌన్ విసిరాడు. ఫిలడెల్ఫియా 40-22తో గెలిచింది, ఉత్తమ ఆటగాడు హర్ట్సే. "ఆ 46 గజాలది పట్టిందెవరో చూశావా మామయ్యా?" అన్నాడు. చూశాను. డెవాంటా స్మిత్.