రోడ్డు మూసేశాక ఏం చేస్తుంది?

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చింది పావుగంటే, పేరుపేరునా పలకరించలేకపోతున్నందుకు మన్నించాలి.

పరిణామ అల్గారిదమ్‌ల గురించి మాట్లాడమన్నారు. 1975లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ హాలండ్ పుస్తకంగా రాసిన పద్ధతే. ఓ వంద పరిష్కారాలు ఎలాపడితే అలా పుట్టిస్తాం. బాగున్నవాటిని జతకలుపుతాం, అక్కడక్కడ కాస్త మారుస్తాం, నాసివి తీసేస్తాం. కొన్ని తరాలు తిరిగేసరికి మంచి జవాబు దొరుకుతుంది. అయితే అప్పటిదాకా సమస్య కదలకూడదు. మన విశాఖలో ఏ సమస్య కదలకుండా ఉంది చెప్పండి? పోర్టులో ఓడలకు బెర్తులు కేటాయించేలోపే ఒక ఓడ ఆలస్యమవుతుంది, లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. కరెంటు లేదు, మోటార్లు లేవు, ఎక్కడ చూసినా రోడ్డుకు అడ్డంగా చెట్లు. నీళ్ల ట్యాంకర్ ఎటునుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. మా విద్యార్థిని ఒకమ్మాయి ఆ ట్యాంకర్ రూట్లనే ప్రాజెక్టుగా తీసుకుంది.

రెండు ప్రోగ్రాములు రాసింది. మామూలు ప్రోగ్రాములో కాసేపటికి వందకు వంద రూట్లూ దాదాపు ఒకటైపోయాయి. అప్పుడు ప్రోగ్రాములో సిరిపురం రోడ్డు మూసేసింది. అన్నీ ఆ రోడ్డు మీదుగా వెళ్లేవే! ఒకేలాంటివాటిని ఎంత జతకలిపినా మళ్లీ అదే పుడుతుంది కదా. రెండోదాంట్లో, పరిశోధకుడు గ్రెఫెన్‌స్టెట్ 1992లో చెప్పినట్టు, ప్రతి తరంలో కొన్నింటిని తీసేసి పూర్తిగా కొత్తవి వదిలింది. అందుకని రోడ్డు మూయకముందు దాని రూటు కొంచెం పొడవే. మూశాక మాత్రం మద్దిలపాలెం వైపు తిరిగే రూట్లు అందులో అప్పటికే ఉన్నాయి. కొద్ది తరాల్లోనే కుదురుకుంది.

ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన మూయకముందు అంకె చూసి, రెండోది తక్కువరకం అని ఎర్ర పెన్నుతో గీత గీశారు. ఆ అమ్మాయి తర్వాతి గ్రాఫ్ తీయబోతే "టైమ్ లేదమ్మా" అన్నారు. మార్కులు పోయాయి. ఎన్నేళ్లయినా నాకిది మింగుడుపడదు. ప్రాజెక్టు ప్రాణమంతా ఆయన చూడని గ్రాఫ్‌లోనే ఉంది!

ఇంకా చాలా చెబుదామని వచ్చాను. కాబ్ 1990లో చెప్పిన పద్ధతిలో ఫలితం పడిపోగానే మ్యుటేషన్ రేటు, అంటే అక్కడక్కడ మార్చే మోతాదు, ఒక్కసారిగా పెంచుతారు. పాత మంచి జవాబులు దాచుకునే పద్ధతీ ఉంది, కానీ పాత పరిస్థితి మళ్లీ వస్తేనే అది అక్కరకొస్తుంది. ఏది వాడినా ఎంతో కొంత ఖర్చు తప్పదు. ఆ ఖర్చు దండగా కాదా అన్నది మార్పు వచ్చాకే తేలుతుంది. బ్రాంకె 1999లో శిఖరాలు, అంటే మంచి జవాబులుండే చోట్లు, కదిలే పరీక్షా సమస్యను తయారుచేసింది ఇలాంటి పోలిక కోసమే. అందులో చివరి అంకె ఒక్కటే చూడరు, నడిచినంతసేపూ జరిగిన పొరపాటు సగటు చూస్తారు.

ఇక్కడున్న గైడ్లను, ఎగ్జామినర్లను చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే వైవాలో ప్రోగ్రాము నడుస్తుండగానే ఒక రోడ్డు మూయించండి. ఎంత పడిపోయింది, ఎన్ని తరాల్లో తేరుకుంది అన్న రెండు అంకెలూ మార్కుల షీటులో వేయండి. పిల్లలూ, వాళ్లు అడగకపోతే మీరే చూపించండి. టైమ్ లేదంటే నాకు కబురు చేయండి, నేనొచ్చి మీ పక్కన కూర్చుంటాను.