పిట్టగోడ ఎన్ని బెత్తెళ్లు? వారం వారం తోరా పఠనంలో నీతిని వెతకడం గురించి

అందరికీ నమస్కారం.

ఈ వారం యూదుల ప్రార్థనాలయాల్లో (సినగాగుల్లో) చదివే భాగం పేరు ‘కీ తేత్సే’. తెలుగు బైబిలులో ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం 10వ వచనం నుంచి 25వ అధ్యాయం చివరిదాకా, మొత్తం 110 వచనాలు. తోరా అంటే బైబిలులోని మొదటి ఐదు కాండాలు. అందులో ఆజ్ఞలు 613 అని యూదుల లెక్క. వాటిలో 74 ఈ ఒక్క భాగంలోనే ఉన్నాయని మధ్యయుగపు లెక్క ఒకటి చెబుతుంది. ఇల్లు కట్టడం, కూలి ఇవ్వడం, తాకట్టు, దారిలో దొరికిన ఎద్దు, తూకం రాళ్లు, పక్షిగూడు... ఊళ్లో రోజూ జరిగే వ్యవహారమే ఇదంతా. నీతి వెతకడానికి ఇంత అనువైన భాగం ఇంకోటి కనబడదు. తొందరపడి బోల్తాపడేదీ ఇక్కడే.

ముందు పద్ధతి చెప్పుకుందాం. తోరాను 54 భాగాలు చేసి ఏడాదిలో పూర్తిచేస్తారు. వారాలు చాలని ఏడు కొన్నిటిని రెండేసి కలుపుతారు. శనివారం ఉదయం ఏడుగురిని ఒకరి తర్వాత ఒకరిని తోరా దగ్గరికి పిలుస్తారు. హీబ్రూలో రాసిన తోరా చుట్టలో అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులూ ఉండవు. చదివేవాడు ముందే సాధన చేసి రావాలి. అర్థం మారేలా పలికితే పక్కన నిలబడ్డవాళ్లు అక్కడే ఆపి మళ్లీ చదివిస్తారు. వినడానికి కటువుగా ఉంటుంది కానీ, నీతి సంగతి మాట్లాడేముందు మాట సరిగ్గా పలకాలన్న పట్టుదల అది.

ఇంట్లో చదువుకునే తీరు, పాత యూదు పండితుల చర్చల సంకలనమైన తాల్ముద్ చెప్పింది: మూలం రెండుసార్లు, అరామిక్ భాషలోని అనువాదం ఒకసారి. అనువాదం బదులు 11వ శతాబ్దపు పండితుడు రాషీ రాసిన వ్యాఖ్యానం చదివేవాళ్లూ ఉన్నారు. భాగంలో ఏడు ముక్కలు, శనివారానికి ముందు ఆరు రోజులు. రోజుకొకటి చొప్పున చదివి, శుక్రవారం రెండు చదివితే సరిపోతుంది. రెండోసారి చదివేటప్పుడు ఒక్కో వచనాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరికి? ఎప్పటిలోగా? ఎంత? ఎక్కడిదాకా? ‘దీని సారాంశం దయ’ అని మొదటి రోజే తేల్చేసుకుంటే మిగతా ఐదు రోజులూ చదవడానికేమీ ఉండదు. ఏ భాగం తీసినా దయే సారాంశమవుతుంది.

22వ అధ్యాయం 8వ వచనం చూడండి. కొత్త ఇల్లు కడితే, ఎవరూ పడిపోకుండా పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ‘జాగ్రత్తగా ఉండు’ అని దీన్ని కుదించేస్తే గోడ పోతుంది, సలహా ఒక్కటే మిగులుతుంది. ధర్మశాస్త్ర పండితులు అడిగింది వేరు. ఎంత ఎత్తు? పది బెత్తెళ్లు. బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు కాబట్టి, లెక్కగట్టే పండితుణ్ని బట్టి 80 నుంచి 96 సెంటీమీటర్లు. ఎంత గట్టిగా? మనిషి ఆనుకుంటే కూలిపోనంత. ఎవరికి? నాలుగు మూరల పొడవూ నాలుగు మూరల వెడల్పూ లేని ఇంటికి అక్కర్లేదు. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ ఇదే ఆజ్ఞ కింద పెరట్లో బావినీ చేర్చాడు: చుట్టూ గోడ కట్టు, లేదా మూత వెయ్యి. ఇప్పుడు మేడ మీదికెక్కి మీ పిట్టగోడకు టేపు పెట్టి చూడవచ్చు. వచనం అక్కడిదాకా రావాలి.

కూలి సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ఈ భాగంలో 24:15 పొద్దుగూకక ముందే కూలి ఇమ్మంటుంది. లేవీయకాండం 19:13 తెల్లవారేదాకా ఉంచుకోవద్దంటుంది. గడువు సాయంత్రమా, ఉదయమా? రెండూ. పగలు పనిచేసినవాడికి ఆ రాత్రంతా గడువు, రాత్రి పనిచేసినవాడికి మరుసటి పగలంతా గడువు అని, తాల్ముద్‌కు ఆధారమైన పాత ధర్మసంకలనం మిష్నా సర్దింది. కూలివాడు అడగకపోతే యజమాని ఈ ఆజ్ఞ మీరినట్టు కాదని కూడా చెప్పింది. ఆ చివరి వాక్యం ఒక్కటే పట్టుకుని ‘అడగలేదుగా’ అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అడగలేని మనిషిని గురించి 24:14 వేరే మాట్లాడుతోంది: దీనుడు, దరిద్రుడు, పరదేశి. రెండు వచనాలూ పక్కపక్కనే ఉన్నాయి, కలిపే చదవాలి.

తూకం రాళ్లు 25:13లో వస్తాయి. సంచిలో పెద్దరాయీ చిన్నరాయీ ఉంచుకోవద్దు. మోసగాడికి ఇది తెలిసిన సంగతే. మిష్నా నిజాయితీపరుడి దగ్గరికి వెళ్లింది. నూనె, తేనె కొలిచే పాత్ర అడుగున జిడ్డు పేరుకుంటే కొలత తగ్గుతుంది. అమ్మేవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు, కొనేవాడు మాత్రం నష్టపోతాడు. అందుకే దుకాణదారుడు వారానికి రెండుసార్లు కొలపాత్రలు, వారానికోసారి రాళ్లు, ప్రతి తూకం తర్వాతా తక్కెడ తుడవాలి. టోకు వ్యాపారి 30 రోజులకోసారి పాత్రలు తుడిస్తే చాలు. రోజూ చిల్లరగా కొలిచేవాడి పాత్ర తొందరగా జిడ్డెక్కుతుంది మరి.

22:4లో దారిలో పడిపోయిన గాడిద సహోదరుడిది. నిర్గమకాండం 23:5లో బరువు కింద పడిన గాడిద పగవాడిది. ఒకేసారి రెండూ ఎదురైతే? స్నేహితుడి గాడిద మీద బరువు దించాలి, పగవాడి గాడిద మీదికి ఎత్తాలి అనుకోండి. పగవాడి దగ్గరికే ముందు వెళ్లమంది తాల్ముద్, మన కోపాన్ని లొంగదీసుకోవడానికి. కానీ హద్దు కూడా గీసింది. యజమాని గట్టున కూర్చుని ‘ఆజ్ఞ నీకే కదా, నువ్వే దించు’ అంటే మీకు బాధ్యత లేదు. అతనితో కలిసి చేయమనే వచనం అంటోంది. ముసలివాడైనా రోగి అయినా మాత్రం మీరొక్కరే చేయాలి.

నచ్చని వచనాలను దాటేయడం కూడా పొరపాటే. 21:18-21లో మొండికొడుకును రాళ్లతో కొట్టించమన్న ఆజ్ఞ ఉంది. పండితులు దీన్ని దాటేయలేదు. షరతు మీద షరతు పెడుతూ పోయారు. తల్లీ తండ్రీ ఒకే గొంతుతో మాట్లాడేవాళ్లై ఉండాలన్నంత దూరం వెళ్లారు. చివరికి తాల్ముద్‌లో ఒక అభిప్రాయం, అలాంటి కొడుకు ఎన్నడూ లేడు, ఇక ఉండడు అని తేల్చింది. మింగుడుపడని చోట ఎంత పని చేయాలో ఇక్కడ నేర్చుకోవచ్చు.

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో, తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే బెనే ఎఫ్రాయిమ్ సముదాయం ఉంది. వాళ్ల ఇంటిభాష తెలుగే. కాబట్టి పిట్టగోడ, ఈ భాగంలోనే వచ్చే తిరుగలి, పరిగె అన్న మాటలు ఈ వచనాలకు ఎక్కణ్నుంచో తెచ్చి అతికించినవి కావు.

శనివారం మధ్యాహ్నం ప్రార్థనలోనే తర్వాతి భాగం ‘కీ తావో’ మొదలవుతుంది. మొదటి పంటలో కొంత బుట్టలో పెట్టుకుని రమ్మంటుంది. ఎంత, ఎప్పుడు, ఎవరి చేతికి అని అక్కడా అడగాలి.