ఇంజన్ దించే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో రిజిస్టరైన బండికి ఏపీ నంబరు ఉందంటే, అది 2014 జూన్ నాటిదో, అంతకు ముందుదో. ఆ నంబర్లతో క్వాలిస్‌లు, ఇన్నోవాలు, తవేరాలు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. తాతగారి నుంచి మనవడి దాకా ఇంటిల్లిపాదినీ యాదగిరిగుట్టకూ శ్రీశైలానికీ తిప్పిన బండ్లవి. అలాంటిది ఒకరోజు ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో వేడెక్కి ఆగిపోతుంది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ఇంజన్ దించాలె అన్నా" అంటాడు. ఆ రాత్రి ఇంట్లో ఒకటే చర్చ: చేయించాలా, అమ్మేయాలా?

ఆ చర్చను రెండు రోజులు ఆపమని నా విన్నపం. ముందు బండికి వచ్చిన జబ్బేమిటో తేలాలి.

కూలెంట్‌ను వేడిని బట్టి వదిలే థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్, వాటర్ పంపు, ఒక రబ్బరు పైపు. వీటిలో ఏది పోయినా ఇంజన్ వేడెక్కుతుంది. మామూలుగా వీటిని ఇంజన్ దించకుండానే మార్చుకోవచ్చు. అయితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత చేరాక కూడా "ఇల్లు దగ్గరేగా" అని నడిపితే ఇంజన్‌ను పైనుంచి మూసే సిలిండర్ హెడ్ వంగుతుంది, దాని కింద సందు మూసే గ్యాస్కెట్ పోతుంది. దయచేసి అక్కడే ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి, మరిగే నీళ్లు ముఖం మీదకి ఎగజిమ్ముతాయి.

గ్యాస్కెట్ పోతే బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతూ ఉంటుంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంది. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిపిన కాఫీ రంగు జిడ్డు కనిపించవచ్చు. హెడ్ విప్పి, లేత్‌లో సాపు చేయించి, కొత్త గ్యాస్కెట్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. నీలంపొగ సంగతి వేరు, అది ఆయిల్ మండుతున్న పొగ. పిస్టన్ చుట్టూ ఉండే రింగులైనా, పిస్టన్ ఆడే సిలిండర్ గోడ, అంటే బోరైనా అరిగి ఉండవచ్చు. ఖర్చు పెద్దదయ్యేది అక్కడే.

ఈ రెండింటికీ తేడా కంటిచూపుతో తేల్చేది కాదు. సిలిండర్ లోపలి ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయమని అడగండి. పెట్రోల్ బండికైతే స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో గేజ్ పెడతారు, డీజిల్ బండికి గ్లో ప్లగ్ రంధ్రంలోనో ఇంజెక్టర్ రంధ్రంలోనో. పెట్రోల్ ఇంజన్లో ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే, అందులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉంటుంది. ఈ పరీక్ష చేయకుండానే బోరు పోయిందనే మెకానిక్‌కు బండి అప్పగించకండి.

ఇప్పుడు డబ్బు మాట. "అమ్మితే వచ్చేదెంత, దీనికి ఇంత పెట్టడమేంటి" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. అమ్మిన డబ్బుతో ఎనిమిది మంది పట్టే ఇంకో మంచి బండి రాదు కదా! రిపేరు ఖర్చును కొత్త బండి ఈఎంఐతో పోల్చి చూడండి, ఎన్ని నెలల కిస్తీకి సమానమో. బండి ఆ తర్వాత అంతకంటే ఎక్కువ కాలం నడిచేలా ఉంటే చేయించడమే మేలు.

నడుస్తుందా లేదా అన్నది ఇంజన్ ఒక్కటే చెప్పదు. బండిని లిఫ్ట్ మీద పెట్టించి కింద ఛాసిస్, అంటే బండిని మోసే చట్రం చూడండి. విశాఖలా మనకు ఉప్పుగాలి లేదు కాబట్టి ఇక్కడి బండ్లకు తుప్పు తక్కువే. అయినా నీళ్లు నిలిచే వీధుల్లో తిరిగినవి ఉంటాయి. ఇంజన్ను బాగు చేసుకోవచ్చు, ఛాసిస్‌ను తుప్పు తినేస్తే మాత్రం అమ్మేయమనే అంటాను.

ఆర్‌సీ కూడా తీసి చూడండి. సొంత బండికి 15 ఏళ్లు నిండితే ఆర్టీఏ ఆఫీసులో పరీక్ష చేయించి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కార్లకు ఈ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. పాత బండ్లపై వేసే గ్రీన్ ట్యాక్స్ అదనం. పొగ ఎక్కువ వదిలే బండి ఆ పరీక్షలో నెగ్గదు కాబట్టి, గడువు దగ్గర పడిన వాళ్లు ఈ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోవాలి. రిపేరుకు బదులు సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేయిస్తే దాని నంబరు ఆర్‌సీలో ఎక్కించాలి. అందుకే ఆ ఇంజన్ కొన్న బిల్లు, అది ఏ బండిదో తెలిపే కాగితాలు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.