లాగిన్ నోడ్‌లో మీరు ఒంటరి కాదు

అందరికీ నమస్కారం.

సూపర్ కంప్యూటర్‌లోకి మొదటిసారి లాగిన్ అయినప్పుడు మీకు కనిపించేది నల్లటి తెర, నాలుగు వరుసల స్వాగత సందేశం, మినుకుమనే కర్సర్. అంత పెద్ద యంత్రం మీ ఒక్కరికోసమే ఎదురుచూస్తున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు 'హూ' అనే చిన్న ఆదేశం ఇచ్చి చూడండి. ఆ క్షణంలో అక్కడ ఉన్నవారి పేర్లన్నీ వరుసగా దిగుతాయి. ఒకరు తుపాను గమనాన్ని లెక్కించే పనిలో ఉండవచ్చు, మరొకరు రేపటి గడువుకోసం ఆఖరి ఫలితాలు తీస్తూ ఉండవచ్చు. ఈ రోజు నేను చెప్పే ప్రతి మాటా ఆ పేర్ల వరుసను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే.

మీరు అడుగుపెట్టింది లాగిన్ నోడ్‌లో, అంటే అందరూ ముందుగా వచ్చి చేరే కంప్యూటర్‌లో. అసలు లెక్కలు చేసే నోడ్లు దాని వెనుక ఉంటాయి. స్లర్మ్ వంటి షెడ్యూలర్ మీ పనిని వరుసలో పెట్టి, వంతు వచ్చినప్పుడు వాటికి అప్పగిస్తుంది. ఫైళ్లు సరిచూసుకోవడం, ప్రోగ్రాం కంపైల్ చేసుకోవడం, పనిని వరుసలో పెట్టడం వరకే లాగిన్ నోడ్. భారీ లెక్కను అక్కడే నడిపితే, అవతల ఎవరో ఒక అక్షరం నొక్కి అది తెర మీదికి ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చోవాలి.

ఇక లోపలికి వెళ్లే దారి, ఎస్ఎస్‌హెచ్. దూరంలోని యంత్రంతో మన సంభాషణను ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చి నడిపే సాధనం అది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు పట్టేశారు. అప్పట్లో దూరపు యంత్రాల్లోకి లాగిన్ అవడానికి వాడే టెల్నెట్‌లో పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా ప్రయాణించేది. ఆ దొంగతనం చూసిన టాటు యులోనెన్ అదే ఏడాది ఎస్ఎస్‌హెచ్ రాశారు. మొదటిసారి కలిసినప్పుడు అది ఒక ప్రశ్న వేస్తుంది: "ఈ యంత్రాన్ని నేను ఇంతకుముందు చూడలేదు, దీని వేలిముద్ర ఇదీ, కొనసాగమంటారా?" దాదాపు అందరూ చదవకుండానే అవునంటారు. దయచేసి ఆగండి. మీ కేంద్రం ప్రకటించిన వేలిముద్రతో ఆ అక్షరాలను పోల్చి చూడండి. అర నిమిషం పని. మీరు మాట్లాడుతున్నది నిజంగా ఆ యంత్రంతోనేనని తేల్చుకునే అవకాశం అదొక్కటే. తర్వాత ఎప్పుడైనా వేలిముద్ర మారిందని హెచ్చరిక వస్తే, మీ కంప్యూటర్‌లో దాచి ఉన్న పాత వేలిముద్రను చెరిపేసి ముందుకు వెళ్లకుండా ముందు నిర్వాహకులను అడగండి.

పాస్‌వర్డు కన్నా కీల జత మేలు. బహిరంగ కీ తాళం వంటిది, అది ఆ యంత్రం మీద ఉంటుంది. రహస్య కీ తాళంచెవి, అది మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోకూడదు. దానికి రహస్య వాక్యం పెట్టకపోతే, మీ ల్యాప్‌టాప్ చేజిక్కించుకున్నవారికి సూపర్ కంప్యూటర్ తలుపు కూడా తెరుచుకుంటుంది. 2020 మే నెలలో యూరప్‌లో పలు సూపర్ కంప్యూటర్లలోకి చొరబాటుదారులు వచ్చింది దొంగిలించిన ఎస్ఎస్‌హెచ్ వివరాలతోనే. బ్రిటన్‌లోని ఆర్చర్ అనే సూపర్ కంప్యూటర్‌ను మూసివేసి, వాడుకరులందరి పాస్‌వర్డులు, కీలు రద్దు చేయాల్సి వచ్చింది. ఏ తప్పూ చేయనివారి పరిశోధన కూడా రోజుల తరబడి ఆగిపోయింది.

ఫైళ్ల సంగతికి వద్దాం. తరలించే ముందు లెక్క వేసుకోండి. ఒక టెరాబైట్ సమాచారం సెకనుకు ఒక గిగాబిట్ లైను మీద, అంతా సవ్యంగా సాగితే, 2 గంటల 13 నిమిషాలు తీసుకుంటుంది. 100 మెగాబిట్ల లైను మీద 22 గంటలు దాటుతుంది. అంతసేపు లాగిన్ నోడ్‌ను పట్టుకోకండి. చాలా కేంద్రాల్లో ఇందుకోసమే డేటా బదిలీ నోడ్లు ఉంటాయి.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకసారి ఫైళ్లను నకలు చేసి పంపే ఎస్‌సీపీతో పెద్ద ఫోల్డరు పంపుతుండగా మధ్యలో లైను తెగింది. ఆఖరి ఫైలు సగమే చేరింది, కానీ దాని పేరు మాత్రం పూర్తి ఫైలు పేరే. ఆ సగం ఫైలు మీద వారం పాటు విశ్లేషణ చేశాను. అంకెలు ఎందుకు కుదరడం లేదో అర్థం కాలేదు. అప్పటి నుంచి ఆర్‌సింక్ తప్ప వాడలేదు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ 1996లో తెచ్చిన ఈ సాధనం, మామూలుగా నడిపితే, ఫైలును మొదట తాత్కాలిక పేరుతో రాసి, మొత్తం అందాకే అసలు పేరు పెడుతుంది. లైను తెగితే అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి, అప్పటికే చేరిన ఫైళ్లను వదిలి మిగిలినవే పంపుతుంది. ఒక్క గీత దగ్గర జాగ్రత్త: మూల ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత ఉంటే లోపలి ఫైళ్లు మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది. అనుమానం ఉంటే 'ఎన్' ఐచ్ఛికంతో ఉత్తుత్తి పరుగు తీయించి, ఏం జరగబోతోందో చదువుకోండి. అంతా చేరాక రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తాలు, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తులు, తీసి పోల్చండి.

చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే టార్‌తో ఒకే మూటగా కట్టి పంపండి. లస్టర్ వంటి ఫైల్ వ్యవస్థలో ప్రతి ఫైలు తెరవడానికీ, ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుంచుకునే మెటాడేటా సర్వర్‌ను అడగాలి. మీ పది లక్షల ఫైళ్లు దాన్ని ఊపిరాడనివ్వకపోతే, 'హూ' చూపిన వారందరికీ ఫోల్డరు జాబితా కూడా రాదు.

స్క్రాచ్ అన్నది పని జరుగుతున్నంతసేపు వాడుకునే చోటు. గడువు దాటిన ఫైళ్లను చాలా కేంద్రాలు తుడిచేస్తాయి. శాశ్వతమనుకున్న చోటా ప్రమాదాలు ఉంటాయి. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయంలో బ్యాకప్ ప్రోగ్రాం లోపం వల్ల సుమారు 77 టెరాబైట్లు, 3.4 కోట్ల ఫైళ్లు చెరిగిపోయాయి. వాటిలో కొన్ని బృందాల సమాచారం తిరిగి రాలేదు. మళ్లీ తయారుచేయలేని ఫైలు ఏదైనా ఉంటే దాని ప్రతి వేరేచోట ఈ రోజే పెట్టుకోండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఈడీ25519 రకం కీ తయారుచేయడంతో మొదలుపెడదాం. రహస్య వాక్యం అడిగినప్పుడు ఎవరూ ఖాళీగా వదిలి ఎంటర్ నొక్కకండి.