జోకొట్టి ఉంచిన జన్యువులు

మిత్రులారా, ఈ మొక్కజొన్న కంకిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. పాలిపోయిన గింజల మీద ఊదారంగు మచ్చలున్నాయి. కొన్ని సూదిమొనంత, కొన్ని సగం గింజను కమ్మేసినవి. రంగునిచ్చే జన్యువులోకి ఒక డీఎన్ఏ ముక్క వచ్చి దూరితే ఆ జన్యువు పనిచేయదు. గింజ పెరుగుతుండగా ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచిపోయిందనుకోండి, ఆ కణానికీ దాని నుంచి పుట్టే కణాలకూ రంగు తిరిగొస్తుంది. తొందరగా లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న చుక్క. ఇలాంటి గింజలను ఏళ్ల తరబడి చూసే 1940లలో అమెరికా జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ ఇలా చోటు మారే డీఎన్ఏ ముక్కలను, అంటే గెంతే జన్యువులను కనిపెట్టారు. నోబెల్ మాత్రం 1983లో గానీ రాలేదు.

మొక్కజొన్న జన్యురాశిలో, అంటే దాని మొత్తం డీఎన్ఏలో, దాదాపు 85 శాతం ఈ గెంతే జన్యువులూ వాటి శిథిలాలే. అవన్నీ ఒక్కసారిగా లేస్తే మొక్క బతకదు. అందుకే వాటిలో చాలావాటిని నిద్రపుచ్చి ఉంచుతుంది. వాటి డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్‌లకు మిథైల్ గుంపులనే చిన్న రసాయన గుర్తులు తగిలిస్తుంది, ఆ డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ల మీదా గుర్తులు పెడుతుంది. దాంతో అక్కడి డీఎన్ఏ గట్టిగా ముడుచుకుపోతుంది.

మరి ఎవరిని నిద్రపుచ్చాలో ఎలా తెలుస్తుంది? నన్ను ఇన్నేళ్లుగా కట్టిపడేసింది ఈ ప్రశ్నే. మొక్కల్లో పోల్-4 అనే ఎంజైము ఉంది. అది గెంతే జన్యువులను చదివి పొట్టి ఆర్ఎన్ఏలు, అంటే వాటి డీఎన్ఏకు నకళ్లు, తయారుచేస్తుంది. వాటికి జంటపోగు కట్టి, 24 అక్షరాల ముక్కలుగా కోస్తాయి వేరే ఎంజైములు. ఆ ముక్కను ఆర్గోనాట్ ప్రొటీను ఆనవాలుగా పట్టుకుని, పోలిక కుదిరిన చోటికి మిథైల్ తగిలించే ఎంజైమును రప్పిస్తుంది. అంటే, నోరు మూయించాలన్నా ముందు కాస్త పలికించాల్సిందే!

పుప్పొడిలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. పుప్పొడి నాళాన్ని పెంచే కణం తన డీఎన్ఏను తర్వాతి తరానికి ఇవ్వదు. ఆ కణంలో కట్లు సడలి, గెంతే జన్యువులు మేల్కొంటాయి. అక్కడ పుట్టిన చిన్న ఆర్ఎన్ఏలు పక్కనున్న వీర్యకణాలకు చేరి, అక్కడి కాపలాకు తోడవుతాయనడానికి ఆధారాలున్నాయి.

కాపలా సడలితే ఏమవుతుందో ప్రయోగశాలల్లో పెంచే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క చూపించింది. అందులో ఆన్సెన్ అనే గెంతే జన్యువు ఉంది. వేడి తగిలితే లేస్తుంది. జపాన్ భాషలో ఆ పేరుకు వేడినీటి ఊట అని అర్థం. మామూలు మొక్కలో అది లేచినా మళ్లీ సద్దుమణుగుతుంది. చిన్న ఆర్ఎన్ఏలు చేసుకోలేని మొక్కలకు వేడి తగిలించినప్పుడు మాత్రం, వాటి సంతానంలో ఆన్సెన్ కొత్త చోట్ల కనిపించింది. అలా చేరిన కొన్నిచోట్ల, పక్కనున్న జన్యువులు కూడా వేడికి స్పందించడం మొదలుపెట్టాయి.