తోలుగుడ్లు ఎందుకు పెడుతున్నాయి? ఎండాకాలంలో డాబా మీది కోళ్లు

హోస్ట్: నమస్కారమండీ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన విజయవాడలో రోళ్లకంటే ముందు గుడ్లు పగిలిపోతున్నాయి. డాక్టర్ గారూ, సత్యనారాయణపురంలో ఒకరు డాబా మీద రేకుల షెడ్డులో గ్రామప్రియ అనే పెరటి రకం పెట్టల్ని ఆరింటిని పెంచుతున్నారు. గుడ్లు పెట్టే కోళ్లకిచ్చే లేయర్ దాణానే పెడుతున్నారు. ఎండలు ముదిరాక పెంకు గట్టిపడని తోలుగుడ్లు వస్తున్నాయట, పట్టుకుంటే వేలు దిగిపోతోందట. దాణా మార్చాలా అని అడుగుతున్నారు.

డాక్టర్: దాణా మంచిదే అయ్యుంటుందండి. కోళ్లే సరిగా తినట్లేదు. పెట్ట రోజుకు 110 గ్రాములు తింటుందనుకోండి. దాణాలో కాల్షియం 3.5 శాతం ఉంటే దగ్గర దగ్గర 4 గ్రాములు అందుతుంది. అందులో ఒంటికి పట్టేది సగమే. ఒక్క పెంకుకే 2 గ్రాములు కావాలి. మామూలు రోజుల్లోనే లెక్క అంచుమీద ఉంది, చూశారా? ఎండకి తిండి 80 గ్రాములకు పడిపోతే 3 గ్రాములు కూడా అందదు. పైగా మనం జాలిపడి చద్దన్నం, నూకలు వేస్తాం. వాటితో కడుపు నిండుతుంది, కాల్షియం మాత్రం రాదు.

హోస్ట్: అయితే ఆల్చిప్పల పొడి కలిపేస్తే సరిపోతుందా?

డాక్టర్: పొడి వద్దు, ముక్కలు వేయండి. కందిగింజంత ఉంటే చాలు. పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. పొడి తొందరగా కిందకి వెళ్లిపోతుంది. ముక్కలైతే కందనకాయలో నిలబడి రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతాయి. అందుకే సాయంత్రం ఐదింటికి, దాణాలో కలపకుండా, వేరే చిప్పలో పెట్టండి. కావలసిన పెట్ట కావలసినంత ఏరుకుంటుంది. అదే షెడ్డులో గుడ్డుకు రాని పిల్లలుంటే వాటికి అందనివ్వకండి. లేయర్ దాణా కూడా అంతే, అంత కాల్షియానికి వాటి కిడ్నీలు పాడవుతాయి.

హోస్ట్: ఇది చేసినా తగ్గలేదంటే?

డాక్టర్: అప్పుడు తప్పు షెడ్డుది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పెంకంటే కాల్షియం కార్బొనేట్ కదండీ, ఆ కార్బొనేట్ తయారయ్యేది ఈ కార్బన్ డయాక్సైడ్‌తోనే. ఈ రెండో సరుకు లేకపోతే మొదటిది ఎంత పోసినా గట్టిపడదు. రేకు మీద తాటాకు గానీ వరిగడ్డి గానీ మందంగా పరవండి. దాణా తెల్లవారుజామున ఒకసారి, ఎండ దిగాక ఒకసారి. నీళ్లు నీడలో, మట్టి మూకుళ్లలో పెట్టి మధ్యాహ్నం రెండుసార్లు మార్చండి. ఎండాకాలంలో పెట్ట అర లీటరు దాకా తాగుతుంది.

హోస్ట్: తడి గోనెసంచులు కడుతుంటారు కదా?

డాక్టర్: కట్టొచ్చు, గాలి వచ్చే వైపు మాత్రమే. నాలుగు వైపులా కట్టేస్తే లోపల ఉక్కపోసి, రొప్పినా ఒళ్లు చల్లబడదు. మంచి చేయబోయి కోళ్లను పోగొట్టుకునేది ఇక్కడే.

హోస్ట్: ఇది ఎండదెబ్బో తెగులో ఎలా పోల్చుకోవాలి?

డాక్టర్: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎండదెబ్బైతే ఆ వేళకి తేరుకుని తిరుగుతుంటాయి. అప్పుడు కూడా ముడుచుకుని, ఆకుపచ్చగా పారుతూ, మెడ తిప్పుతుంటే కొక్కెర తెగులు, అంటే రానిఖేత్ అనే వైరస్ జబ్బు, అనుమానించాలి. దానికి 8 వారాలప్పుడు ఆర్‌2బి టీకా పడి ఉండాలి. టీకాను ఐస్‌లో పెట్టి తేవాలి, కలిపిన మందు గంట రెండు గంటల్లో వాడేయాలి. జేబులో వేసుకుని ఎండలో తెస్తే అది వేసినా వేయనట్టే.

హోస్ట్: ఇక ఈలోపు వస్తున్న తోలుగుడ్ల సంగతి?

డాక్టర్: కనబడగానే గూట్లోంచి తీసేయండి. పెట్ట ఒక్కసారి పొడిచి రుచి మరిగిందంటే తర్వాత గట్టి గుడ్లనీ వదలదు. మామూలు గుడ్ల పెంకులు మళ్లీ కోళ్లకే వేస్తే బాగా ఎండబెట్టి, గుడ్డని గుర్తుపట్టలేనంతగా నలిపి వేయండి.